ఊళ్లో తల్లీబిడ్డల కోసం మహిళా సమావేశాలు ఎలా నడపాలి

మీరు ఆశా కార్యకర్త కావచ్చు, గ్రామ సమాఖ్య నాయకురాలు కావచ్చు, అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, ఏ పదవీ లేకుండా ఊరి మంచి కోరే మనిషి కావచ్చు. ఎవరైనా సరే, మీరు మొదలుపెట్టగల పని ఒకటుంది. నెలకోసారి ఊరి ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, గర్భిణులకు, బాలింతలకు, పసిబిడ్డలకు ఊళ్లో ఏం జరుగుతోందో వాళ్ల చేతే మాట్లాడించాలి. అందులో ఏది మార్చగలరో వాళ్లనే తేల్చుకోనివ్వాలి. తేల్చుకున్నది చేయడంలో పక్కన నిలబడాలి.

ఇంత చిన్న పనితో ప్రాణాలు నిలుస్తాయా అనిపిస్తుంది. నిలిచాయి. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లా కొండ ఊళ్లలో ఇలాంటి సమావేశాలు నడిపి, 2004లో ఫలితాలు ప్రకటించారు. సమావేశాలు జరిగిన చోట నెల నిండకముందే చనిపోయే పిల్లల సంఖ్య, జరగని చోటికంటే 30 శాతం తక్కువగా ఉంది. తర్వాత మన పక్కనే, జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కెలా ఖర్సావాఁ జిల్లాల్లోనూ ఒడిశాలోని కేంఝర్ జిల్లాలోనూ ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 వరకు ఇదే చేసింది. ఎక్కువమంది ఆదివాసీలు ఉండే ఊళ్లవి. మూడేళ్లు కలిపి చూస్తే నవజాత శిశు మరణాలు 32 శాతం, చివరి రెండేళ్లే చూస్తే 45 శాతం తక్కువ. పోల్చి చూసిన ఊళ్లకూ వీటికీ ప్రధానమైన తేడా ఆ సమావేశాలే. మూడో ఏడాదికి బాలింతల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు కూడా సగానికి పైగా తగ్గింది. తన కష్టం చెప్పుకోవడానికి నలుగురు మనుషులు దొరకడమే ఇందుకు కారణమని నా నమ్మకం.

తెలుగు రాష్ట్రాల్లో దీని అవసరం ఏముంది, కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వందకు 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37 శాతమే. అక్కడ ప్రతి పది కాన్పుల్లో ఆరు పెద్దాపరేషన్లే. పాడేరు, అరకు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులొచ్చిన మనిషిని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. కాబట్టి జార్ఖండ్ ఆడవాళ్లు కనిపెట్టిన జవాబులు మన ఊరికి సరిపోకపోవచ్చు. వాళ్లు వేసుకున్న ప్రశ్నలు మాత్రం తప్పకుండా సరిపోతాయి.

ముందు లెక్క చూసుకోండి

ఇది అందరూ దాటేసే మెట్టు, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

బంగ్లాదేశ్‌లో మొదటిసారి ఈ సమావేశాలు పెట్టినప్పుడు ఫలితం రాలేదు. పద్ధతి దాదాపు అదే. తేడా ఎక్కడంటే, అక్కడ సుమారు 1,400 మంది జనాభాకు ఇలా కూర్చుని మాట్లాడుకునే మహిళల సంఘం ఒక్కటే ఉంది. జార్ఖండ్, ఒడిశాల్లో 470 మందికి ఒకటి చొప్పున ఉన్నాయి. బంగ్లాదేశ్ సంఘాల్లో గర్భిణులు చేరిందే చాలా తక్కువ. తర్వాత అదే దేశంలో సుమారు 300 మందికి ఒక సంఘం చొప్పున పెట్టి, గర్భిణులను వెతికి మరీ పిలిచారు. మూడో వంతుకు పైగా వచ్చారు. ఈసారి నవజాత మరణాలు 38 శాతం తగ్గాయి. నేపాల్, భారత్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఏడు అధ్యయనాలను 2013లో కలిపి చూసినప్పుడూ ఇదే తేలింది. గర్భిణుల్లో కనీసం 30 శాతం వచ్చిన చోట పసిబిడ్డల మరణాలు మూడో వంతు, తల్లుల మరణాలు దాదాపు సగం తగ్గాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

కాబట్టి మీ మొదటి పని ఊరి పటం గీయడం. పెద్ద కాగితం మీద వీధులు, వాడలు, ఊరికి దూరంగా ఉన్న తండా, గూడెం, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు, వలస వచ్చినవాళ్లు ఉండే చోటు అన్నీ గుర్తించండి. 400-500 మందికి ఒక సంఘం అనుకోండి. రెండు వేల జనాభా ఉన్న ఊరికి నాలుగైదు సంఘాలు కావాలి. ఊరి మధ్యలో ఒక్కటి పెట్టి అందరినీ రమ్మంటే, వచ్చేది ఎప్పుడూ వచ్చేవాళ్లే.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. 500 మంది ఉన్న చోట ఏడాదికి ఎనిమిది నుంచి పది కాన్పులు అవుతాయి. అంటే ఏ నెలలో చూసినా ఆరేడుగురు గర్భిణులు ఉంటారు. అందులో మూడో వంతు అంటే ఇద్దరు, ముగ్గురు. ఆ ఇద్దరు ముగ్గురి కోసం ఇంటింటికీ తిరగడం ఎవరికైనా సాధ్యమే. సమావేశానికి ముప్పైమంది వచ్చినా అందులో ఒక్క గర్భిణి కూడా లేకపోతే సగం పని మిగిలిపోయినట్టే.

నడిపించే మనిషి

ఆ ఊరి మనిషే కావాలి, లేదా పక్క ఊరి మనిషి. ఆ యాస, ఆ భాష రావాలి. కోయ, గోండి, కువి, లంబాడీ మాట్లాడే చోట ఆ భాషలోనే సమావేశం జరగాలి. డిగ్రీలు అక్కర్లేదు. ఏక్‌జుట్ సమావేశాలు నడిపింది నర్సులు కాదు, కొద్ది రోజుల శిక్షణ తీసుకున్న స్థానిక మహిళలు. ఒక్కొక్కరు నెలకు పన్నెండు, పదమూడు సంఘాలు తిరిగేవారు. తర్వాత ఆశా కార్యకర్తలే నడిపితే ఎలా ఉంటుందని 2009-12లో చూస్తే, అప్పుడూ మరణాలు 31 శాతం తగ్గాయి.

ఒక్క లక్షణం మాత్రం తప్పనిసరి: నోరు అదుపులో పెట్టుకోగలగాలి. ఆశా అక్కలకు ఇది కష్టం. ఎందుకంటే వాళ్లకు అన్నీ తెలుసు, చెప్పాలని నాలుక మీదే ఉంటుంది. పైగా రికార్డులు, టార్గెట్లు, పై అధికారుల ఫోన్ల టెన్షన్ ఉండనే ఉంటుంది. సమావేశం నడిచినంతసేపు రిజిస్టర్ సంచిలోనే ఉంచండి. "ఎవరెవరు ఐరన్ మాత్రలు మింగడం లేదో చేతులెత్తండి" అని ఒకసారి అడిగితే చాలు, వచ్చే నెల చేతులెత్తినవాళ్లు రారు.

పిలవడం, కూర్చోబెట్టడం

మనకు డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టండి, కానీ అక్కడితో ఆగొద్దు. పొదుపు సంఘంలో ఉండేది ఎక్కువగా అత్తలు, నడివయసు వాళ్లు. కొత్త కోడళ్లు, పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు, కూలికి పోయేవాళ్లు అందులో ఉండరు. తలుపు అందరికీ తెరిచే ఉందని ఇంటికెళ్లి చెప్పాలి.

కోడలిని పంపాలంటే ముందు అత్తను పిలవాలి. "పెద్దమ్మా, నీ అనుభవం మాకు కావాలి, కోడలిని కూడా వెంటబెట్టుకు రా" అంటే ఇద్దరూ వస్తారు. మూడో నెల దాటేదాకా గర్భం సంగతి బయటకు చెప్పని ఇళ్లుంటాయి. గర్భిణులు మాత్రమే రండి అని పిలిస్తే వాళ్లు రారు. పెళ్లయిన ఆడవాళ్లందరూ, కాబోయే తల్లులూ అమ్మమ్మలూ నాయనమ్మలూ అని పిలవండి.

చోటు విషయంలో గట్టిగా ఉండండి. గుడి మెట్లు, సర్పంచ్ గారి వసారా, ఒక కులం వాళ్ల వీధి అరుగు వద్దు. అన్ని కులాల వాళ్లూ సంకోచం లేకుండా వచ్చి ఒకే చాప మీద కూర్చోగలిగే చోటు కావాలి. అంగన్‌వాడీ కేంద్రం, బడి ఆవరణ, చెట్టు నీడ, ఏదైనా ఫర్వాలేదు. ఒకే చాప కుదరని ఊరైతే ముందు ఆ వాడలో వేరే సంఘం పెట్టండి, ఊరందరి సభ నాటికి కలపొచ్చు. సమయం వాళ్లే చెప్పాలి. పత్తి తీసే రోజుల్లో, నాట్ల రోజుల్లో మధ్యాహ్నం ఎవరూ రాలేరు.

మొదటి రెండు మూడు నెలలు వినడమే

మొదటిసారి ఏమీ బోధించకండి. ఒక్క ప్రశ్న వేయండి: "మన ఊళ్లో కడుపుతో ఉన్నప్పుడు, కాన్పప్పుడు, కాన్పయ్యాక ఆడవాళ్లకు ఏయే కష్టాలు వస్తున్నాయి?" తర్వాతి నెల పసిబిడ్డల గురించి అదే ప్రశ్న. వాళ్లు వాడిన మాటలే రాసుకోండి. చెమ్మ, నీరు పట్టడం, గుర్రపు వాతం, బిడ్డ పాలు తాగకపోవడం, పచ్చబడటం, ఒళ్లు చల్లబడటం... ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే. దానికి ఆసుపత్రి పేరేమిటో మీరు తర్వాత ఏఎన్ఎంను అడిగి తెలుసుకోవచ్చు.

చెప్పిన ప్రతి కష్టానికీ ఒక బొమ్మ కార్డు చేయండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, చూడగానే అందరూ గుర్తుపడితే చాలు. మూడో సమావేశంలో కార్డులు నేల మీద పరిచి, ఒక్కొక్కరికి మూడేసి చింతపిక్కలు ఇవ్వండి. ఏ కష్టం ముందు తీరాలనుకుంటున్నారో ఆ బొమ్మ మీద పెట్టమనండి. చదువు రానివాళ్లకూ, అందరి ముందు నోరు విప్పలేని కోడళ్లకూ ఇక్కడ సమానమైన ఓటు దొరుకుతుంది. ముందుగా పెద్దవాళ్లు వేస్తే మిగతావాళ్లు వాళ్లనే అనుసరిస్తారు, కాబట్టి చిన్నవాళ్లతో మొదలుపెట్టించండి. లెక్కపెట్టి, ఎక్కువ పిక్కలు పడిన మూడు నాలుగు సమస్యలు తీసుకోండి.

మీరు ముఖ్యమనుకున్నది ఓడిపోవచ్చు. రక్తహీనత బొమ్మకే ఎక్కువ పిక్కలు పడాలని మీరు కోరుకుంటారు, వాళ్లు ఆసుపత్రిలో ఆయమ్మ డబ్బులడుగుతోందన్నదే ముందు పెడతారు. అలాగే కానివ్వండి. ఆసుపత్రి మీద నమ్మకం లేనివాళ్లు మాత్రల మీద కూడా నమ్మకం పెట్టరు.

ఎందుకు? మళ్లీ ఎందుకు?

అన్నిటిలోకీ బలమైన సమావేశం ఇదే. ఎంచుకున్న సమస్య మీద ఒక కథ కట్టండి. కథలో పేరు మీ ఊళ్లో ఎవరికీ లేనిదై ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఉదాహరణకు ఇలా:

సీతాలుకు పంతొమ్మిదేళ్లు. తొలిచూలు. ఎనిమిదో నెలలో కాళ్లు, ముఖం వాచాయి. తలనొప్పి అంటే అత్త పసుపు పట్టు వేసింది. భర్త మేస్త్రీ పనికి హైదరాబాద్ వెళ్లాడు. ఒకరోజు తెల్లవారుజామున కళ్లు మసకబారాయంది, తర్వాత ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని భూతవైద్యుడిని పిలిచారు. ఆటో దొరికేసరికి పొద్దెక్కింది. మొదటి ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. దారిలో బిడ్డ పోయింది. సీతాలు బతికింది.

ఇప్పుడు అడగండి. బిడ్డ ఎందుకు పోయింది? ఫిట్స్ వచ్చాయి కాబట్టి. ఫిట్స్ ఎందుకొచ్చాయి? బీపీ పెరిగింది. పెరిగిందని ఎందుకు తెలియలేదు? చూపించుకోలేదు. ఎందుకు చూపించుకోలేదు? వెంట తీసుకెళ్లేవాళ్లు లేరు. ఎందుకు లేరు? "వాపులు తొలిచూలుకు మామూలే" అనుకున్నారు. ఒక్కో జవాబుకు ఒక్కో గులకరాయి వరుసలో పెట్టుకుంటూ పోండి. ఆసుపత్రి దగ్గర ఆలస్యం ఎందుకైంది, డబ్బెవరి చేతిలో ఉంది, ఆసుపత్రికి వెళ్లమని చెప్పాల్సిందెవరు అని ఇంకా ఇంకా అడగండి. తల్లుల మరణాల గురించి చదివినవాళ్లు మూడు ఆలస్యాలంటారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. మీ వరసలో రాళ్లు ఆ మూడు చోట్లా కుప్పపడతాయి.

చివరికి ఒక్క ప్రశ్న మిగలాలి. "ఈ రాళ్లలో మనం తీయగలిగింది ఏది?" హైదరాబాద్ వలసను ఈ సంఘం ఆపలేదు. కానీ వాపు, తలనొప్పి, కళ్లు మసకలు కలిసి వస్తే అదే రోజు బీపీ చూపించాలని ప్రతి అత్తకూ తెలిసేలా చేయగలదు. భర్త లేనప్పుడు ఎవరు వెంట వెళ్లాలో ముందే అనుకోగలదు. బీపీ ఎక్కువైందని చెప్పే హద్దు 140/90 అన్న అంకెను నోటికి తెచ్చుకోగలదు.

ఈ సమావేశంలో చాలాసార్లు ఎవరో ఒకరు ఏడుస్తారు. తన బిడ్డ గురించో, చెల్లెలి గురించో మొదటిసారి అందరి ముందు చెబుతారు. ఆపకండి, ఓదార్పు మాటలతో తొందరగా మూసేయకండి. ఆ రోజు కార్యక్రమం అక్కడే ఆగిపోయినా ఫర్వాలేదు.

చేయాల్సిన పనులు ఎంచుకోవడం

సంఘం తానే పనులు ఎంచుకోవాలి. మక్వాన్‌పూర్ సంఘాలు రోగులను మోసేందుకు స్ట్రెచర్లు చేయించుకున్నాయి, తల్లీబిడ్డల నిధి పెట్టుకున్నాయి, శుభ్రమైన కాన్పు కిట్లు తెచ్చుకున్నాయి. మీ ఊరికి కావాల్సింది వేరు కావచ్చు. అయినా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని చెబుతాను.

బండి: 108 వస్తుంది, కానీ కొండ దిగువదాకే రావచ్చు, రాత్రి ఆలస్యం కావచ్చు. ఊళ్లో ఆటో, ట్రాక్టర్, జీపు ఉన్న ఇద్దరితో ముందే మాట్లాడి, ఏ వేళలో పిలిచినా వస్తామన్న మాట తీసుకోండి, డీజిల్ ఖర్చు ఎవరిదో తేల్చండి. డోలీ మోయాల్సిన గూడెమైతే మోసే ఎనిమిది మంది పేర్లు రాసుకోండి. నెలలు నిండిన మనిషిని వారం ముందే రోడ్డు దగ్గరి బంధువుల ఇంటికో, గర్భిణుల వసతి గృహం ఉన్న చోట అక్కడికో చేర్చడం ఇంకా మేలు.

డబ్బు: ఇంటికి నెలకు పదో, ఇరవయ్యో వేసుకుని అత్యవసర నిధి పెట్టుకోవచ్చు. అడిగిన గంటలో చేతికి రావాలి, తీర్మానాలు తర్వాత రాసుకోవచ్చు. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి వచ్చే నిధులు ఎలా ఖర్చవుతున్నాయో అడగండి. అడిగే హక్కు మీకుంది.

రక్తం: కాన్పయ్యాక రక్తస్రావం మొదలైతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఊరి యువకుల బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి అంగన్‌వాడీ గోడకు అంటించండి. ఒక్క సాయంత్రంలో అయ్యే పని ఇది.

రక్తహీనత: హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం. గర్భంలో 180, కాన్పయ్యాక 180 ఐరన్ మాత్రలు ఇస్తారు. మింగరు. ఎందుకని సంఘంలో అడగండి. వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం, బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందన్న భయం, ఇవన్నీ బయటకు వస్తాయి. రాత్రి అన్నం తిన్నాక మింగితే వికారం తగ్గుతుందని, టీతో కలిపి మింగొద్దని ఇంకో తల్లి చెబితే, నర్సు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

పెద్దాపరేషన్: తెలంగాణలో, కోస్తాలో సంఘం దీని గురించి తప్పక మాట్లాడాలి. ముహూర్తం చూసుకుని కోయించుకోవడం, నొప్పులు భరించలేమన్న భయం, ప్రైవేటు ఆసుపత్రుల తొందర, ఇవన్నీ కలిసి ఇక్కడికి తెచ్చాయి. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. అవసరమా కాదా అని డాక్టరును ఎలా అడగాలో సంఘంలో సాధన చేయించండి: "డాక్టర్ గారూ, ఎందుకు చేయాలంటున్నారు? ఇంకొంతసేపు చూడొచ్చా?" ఈ రెండు ప్రశ్నలు పలకడం నేర్చుకున్న కోడలు ఒంటరిగా బెదిరిపోదు.

పాత అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు

మంత్రసానిని, ముసలమ్మలను తప్పుపడితే సంఘం రెండుగా చీలుతుంది. వాళ్ల అలవాట్లలో చాలా మంచివి ఉన్నాయి: బాలింతకు విశ్రాంతి, నలభై రోజులు బరువు పని చేయించకపోవడం, తల్లినీ బిడ్డనూ ఒకే గదిలో వెచ్చగా ఉంచడం. వాటిని ముందు మెచ్చుకోండి. ఆ తర్వాత ప్రాణం మీదకు తెచ్చేవాటి మీదకు రండి.

ముర్రుపాలు పిండి పారబోయడం, మూడు రోజులు తేనె, చక్కెర నీళ్లు, ఆముదం నాకించడం ఇంకా పోలేదు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి, ఆపరేషన్ అయినా సరే. ఆరు నెలలదాకా నీళ్లు కూడా వద్దు. పుట్టగానే స్నానం చేయించకూడదు, కనీసం 24 గంటలు ఆగాలి. బిడ్డ ఒళ్లు చల్లబడితే పాలు తాగే ఓపిక పోతుంది, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె, పేడ ఏవీ పెట్టకుండా పొడిగా వదిలేయాలి. బాలింతకు నీళ్లు తగ్గించి, కారం అన్నం మాత్రమే పెట్టే పత్యం వల్ల పాలూ తగ్గుతాయి, మలబద్ధకమూ వస్తుంది. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టొచ్చని, దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగొచ్చని చెప్పండి.

నొప్పులు తొందరగా రావాలని ఊరి ఆర్‌ఎంపీతో ఇంట్లో ఇంజెక్షన్ వేయించడం చాలా ప్రమాదం. గర్భసంచి చిట్లొచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు. ఆర్‌ఎంపీని కూడా ఒకరోజు సమావేశానికి పిలిచి గౌరవంగానే ఈ మాట అడగండి. మంత్రసానిని బయటకు నెట్టే బదులు కాన్పుకు తోడుగా ఆసుపత్రికి పంపండి. నడుము రాసే చేయి, ధైర్యం చెప్పే గొంతు అక్కడ చాలా అవసరం.

ఊరందరి సభ

ఆరేడు నెలలయ్యాక, సంఘాలన్నీ కలిసి ఊరికి తమ మాట వినిపించాలి. మగవాళ్లు, సర్పంచ్, వార్డు సభ్యులు, ఏఎన్ఎం, వీలైతే పీహెచ్‌సీ డాక్టరు రావాలి. ఉపన్యాసాలు పెట్టకండి. సీతాలు కథను ఆడవాళ్లే నాటకంగా వేయాలి. బుర్రకథ చెప్పేవాళ్లుంటే ఇంకా మంచిది. నాటకం అయ్యాక ఎంచుకున్న పనులు ఒక్కొక్కటిగా చదివి, ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు రాయించండి. "ఊరంతా చూసుకుంటుంది" అంటే ఎవరూ చూడరు. ఆసుపత్రి నుంచి ఏం కావాలో కూడా ఇక్కడే అడగండి. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రాకపోకల బండి, అన్నీ ఉచితం. జబ్బు చేసిన పసిబిడ్డకూ ఉచితమే. డబ్బులడుగుతున్నారన్న ఫిర్యాదును ఒక కోడలు ఒంటరిగా చెప్పుకోలేకపోవచ్చు, నాలుగు సంఘాలు కలిసి చెప్పగలవు.

అందరి నోటికీ రావాల్సిన ప్రమాద సూచనలు

గర్భిణి, బాలింత విషయంలో: ఏ నెలలోనైనా రక్తం పోవడం, కాన్పయ్యాక బట్టలు తడిసిపోతూనే ఉండటం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం చేతులు వాపు, ఫిట్స్, జ్వరం, దుర్వాసనతో స్రావం, బిడ్డ కదలిక తగ్గడం, నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోవడం, నొప్పులు మొదలై 12 గంటలైనా కాన్పు కాకపోవడం.

పసిబిడ్డ విషయంలో: పాలు తాగకపోవడం లేదా తాగడం తగ్గడం, మత్తుగా పడి ఉండటం, ఒళ్లు చల్లగా లేదా వేడిగా ఉండటం, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువసార్లు ఊపిరి, బిడ్డ ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, ఫిట్స్, అరచేతులు అరికాళ్లు పచ్చబడటం, బొడ్డు చుట్టూ ఎరుపు, చీము.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేసి, అది రాకముందే ఊరి బండి సిద్ధం చేయండి. పుట్టిన బిడ్డ ఏడవకపోతే కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి కొట్టకూడదు. పొడి గుడ్డతో తుడిచి, వీపు మీద రుద్దాలి.

బిడ్డ ఇంటికొచ్చాక

నెలలోపు చనిపోయే పిల్లల్లో నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే పోతున్నారు. మనమేమో బిడ్డ ఇంటికొచ్చేసరికి గండం గడిచిందనుకుంటాం. సాధారణ కాన్పయినా 48 గంటలు ఆసుపత్రిలో ఉండమని ఇంటివాళ్లకు ముందే చెప్పండి.

ఇంటికి వెళ్లి చూసే పద్ధతి మనకు మహారాష్ట్రలోని గడ్చిరోలి నుంచి వచ్చింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అక్కడి ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, 1995-98లో ఇళ్ల దగ్గరే పసిబిడ్డలను చూసుకునేలా చేశారు. నవజాత మరణాలు 62 శాతం తగ్గాయి. ఇప్పుడు దేశమంతా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. సంఘం ఈ రోజులను గుర్తుంచుకుని, ఆశా రాకపోతే కబురు పెట్టాలి. పుట్టింట్లో కాన్పు చేసుకుని మధ్యలో అత్తారింటికి వెళ్లే బిడ్డ రెండు ఊళ్ల జాబితాల నుంచీ జారిపోతుంది. ఆ ఊరి ఆశాకు ఒక ఫోన్ చేయండి.

రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని పైన గుడ్డ చుట్టాలి. బిడ్డకు టోపీ, గోచీ చాలు. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఈ కంగారూ పద్ధతికి కరెంటు అక్కర్లేదు, ఖర్చు లేదు. తల్లి అలసిపోతే తండ్రి పెట్టుకోవచ్చు, నాయనమ్మ పెట్టుకోవచ్చు. రెండు కిలోల లోపు బిడ్డనైతే ముందు ఆసుపత్రిలో చూపించాలి.

ఎవరైనా చనిపోతే

సంఘం పెట్టినా మరణాలు జరుగుతాయి. పది రోజులు ఆగి, ఇంటికి వెళ్లి కూర్చోండి. ఎవరి తప్పని అడగొద్దు. ఏ రోజు ఏం జరిగిందో వాళ్లు చెప్పినంత వినండి. తల్లి మరణాన్ని మాత్రం ఆశా, ఏఎన్ఎం వెంటనే పైకి తెలియజేయాలి, దాచకూడదు. తర్వాత ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే సంఘంలో మాట్లాడండి, లేకపోతే పేరు మార్చిన కథగానే చెప్పండి. చనిపోయి పుట్టిన బిడ్డను కూడా లెక్కలోకి తీసుకోండి. ఆ తల్లిని అశుభమని పక్కన పెట్టే ఇళ్లున్నాయి. ఆమె పక్కన సంఘం కూర్చోవాలి.

నోటుబుక్

పెద్ద రికార్డులేమీ వద్దు. ప్రతి నెలా ఒక పేజీ: ఈ వాడలో గర్భిణులు ఎందరు, సమావేశానికి వచ్చినవాళ్లు ఎందరు, కాన్పులెన్ని, ఎక్కడ, బరువెంత, గంటలోపు పాలు పట్టారా, ఎవరైనా పోయారా, అనుకున్న పని జరిగిందా. 500 మంది ఉన్న చోట ఏడాది మరణాల అంకె చాలా చిన్నది, ఒక్కటి పెరిగినా తగ్గినా దాన్ని బట్టి గెలుపోటములు తేల్చకండి. గర్భిణులు వస్తున్నారా, అనుకున్నవి జరుగుతున్నాయా అన్నది చూడండి. ఏక్‌జుట్ ఊళ్లలోనూ మొదటి ఏడాది తల్లుల్లో 18 శాతమే వచ్చారు, మూడో ఏడాదికి 55 శాతమయ్యారు.

సుమారు 20 సమావేశాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. అప్పుడు నోటుబుక్ అందరి ముందు చదివి, మొదట్లో చేసిన బొమ్మ కార్డులు మళ్లీ పరచండి. తీరిన సమస్యల కార్డులు పక్కన పెట్టి, కొత్తవి చేర్చి, చింతపిక్కలు పంచండి.